నూజివీడు మామిడితోటల బడికి రెండు ప్రొజెక్టర్లతో

మా కరుణ వదిన ఫోన్ చేస్తే పలకరింపులు ఉండవు, నేరుగా పనిలోకి దిగిపోతుంది. "మీ బళ్ళో ప్రొజెక్టరు కొన్నప్పుడు షాపులన్నీ నువ్వే తిరిగావు కదా, మాకూ ఒకటి చూసిపెట్టు. ఊరికే పేరు చెప్పటం కాదు, తెచ్చి చూపించు" అంది. వదినంటే మా ఆయన అక్క. నూజివీడు దాటాక మామిడితోటల మధ్య ఉండే ఒక చిన్న హైస్కూలుకి హెడ్‌మిస్ట్రెస్. నేను విజయవాడలో లెక్కలు చెప్తాను, ఇలాంటి యంత్రాల పిచ్చి కాస్త ఎక్కువ. వాళ్ళ పాత ప్రొజెక్టరులో లాంపు రెండోసారి మాడిపోయిందట. ఆ మోడల్ లాంపు ఇప్పుడు దొరకడమే కష్టం. అందుకే ఈసారి లాంపు గొడవే లేని రకం, అంటే ఎల్‌ఈడీ గానీ లేజరు గానీ తీసుకోవాలని కమిటీ వాళ్ళు అనుకున్నారు.

అసలు సంగతి మాత్రం ఫోన్ పెట్టేసే ముందు చెప్పింది. ఆ బడిలో సైన్సు చెప్పేది ప్రభుదాసు మాస్టారు. వదిన కూడా చిన్నప్పుడు ఆయన దగ్గరే చదువుకుంది. బడిలో ప్రొజెక్టరు పెట్టిన దగ్గర్నుంచీ ఆయన దాని జోలికే పోవడం లేదు. పిల్లల తల్లిదండ్రులేమో డిజిటల్ క్లాసు ఏదండీ అని అడుగుతున్నారు. "ఈ కొత్తది కూడా ముట్టుకోనంటే పదో తరగతి సైన్సు ఆయన దగ్గర్నుంచి తీసేసి, కొత్తగా వచ్చిన టీచరమ్మాయికి ఇవ్వక తప్పదు. ఆ మాట నా నోటితో ఆయనకి ఎలా చెప్పను చెప్పు?" అంది. వదిన గొంతు అలా తగ్గడం నేనెప్పుడూ వినలేదు.

జూన్ చివరి శనివారం పొద్దున ఆరున్నరకి విజయవాడ బస్టాండులో ఏలూరు బస్సు ఎక్కాను. ఒక చేతిలో మా బడి ఎల్‌ఈడీ ప్రొజెక్టరు, ఇంకో చేతిలో తెలిసిన షాపాయన సాయంత్రానికల్లా తిరిగిమ్మని ఇచ్చిన లేజరు ప్రొజెక్టరు. ఆగిరిపల్లి మీదుగా నూజివీడుకి నేరుగా బస్సులున్నాయి గానీ, అద్దాల సామాను కదా, హైవే మీద సాఫీగా పోయే బస్సే నయమనిపించింది. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి, "మీకు ఫ్రీ అండీ, పెట్టెలకి మాత్రం లగేజీ టికెట్" అన్నాడు. పెట్టెలు కూడా ఆడవేనండీ అన్నాను. "అయితే వాటి ఆధార్ కూడా చూపించండి మరి" అన్నాడు. బస్సంతా నవ్వింది, టికెట్ మాత్రం కొట్టేశాడు.

గంటలో హనుమాన్ జంక్షన్. అక్కడ వేడి ఇడ్లీ తిని, బడి దాకా ఆటో మొత్తానికి నాలుగు వందలకి మాట్లాడుకున్నాను. చేతిలో సామాను లేకపోతే నూజివీడు దాకా షేరాటోలో వెళ్ళిపోవచ్చు. డ్రైవరుకి పెట్టెల సంగతి తెలిసేదాకా మనసు ఆగలేదు. బడికి ప్రొజెక్టరని చెప్పగానే, "ఆ బళ్ళోనా! మా పెద్దమ్మాయి అక్కడే కదండీ పది పాసయింది. ప్రభుదాసు మాస్టారు చెప్తే ఎంత మొద్దుకైనా బుర్రకెక్కిద్దండీ. ఆయనకి మిషను ఎందుకు?" అన్నాడు. నేను తోటలకేసి చూస్తూ కూర్చున్నాను. కోతలు అయిపోయి చెట్లు తేలికపడ్డాయి. రోడ్డు పక్కన చివరి కాపు రసాలు అక్కడక్కడ పోసి అమ్ముతున్నారు. బేరమాడకుండా రెండు డజన్లు తీసుకున్నాను, ఆ వాసనకి బేరమాడే ఓపిక ఎవరికుంటుంది?

బడి గుమ్మంలోనే కోటయ్యగారు ఎదురొచ్చారు. మామిడి రైతు, బడి కమిటీ మనిషి, ప్రొజెక్టరు ఖర్చులో సగం ఆయనదే. నన్ను కూర్చోనివ్వకుండా పదో తరగతి గదికి తీసుకెళ్ళి కిటికీలు చూపించారు. కాయ మీద మచ్చ పడకుండా, పురుగు తగలకుండా చెట్టు మీదే తొడిగే కాగితపు కవర్లు ఉంటాయి, బయట గోధుమరంగు, లోపల నలుపు. కోత అయ్యాక మిగిలిన కవర్లను పాత చీరల మీద వరసగా కుట్టించి కర్టెన్లు చేయించారాయన. "మా షెడ్డులో కాయ గ్రేడింగు చేసే ఆడవాళ్ళంతా కూర్చుని కుట్టారండీ, వాళ్ళ పిల్లలు చదివేది ఈ గదిలోనే కదా. ఇవేస్తే పట్టపగలు అర్ధరాత్రే!" అని ఒక్కసారి లాగి చూపించారు. నిజంగానే నా చెయ్యి నాకు కనపడలేదు. ఇంకో కోరిక కూడా చెప్పారు. సాయంత్రాలు రైతుల మీటింగుకి ప్రొజెక్టరుని తన షెడ్డుకి పట్టుకెళ్ళేలా ఉండాలట.

అంత చీకటి దొరికాక ఇంకేం, ఎల్‌ఈడీ చాలు అనుకున్నాను. చిన్నది, చంకలో పెట్టుకుని పోవచ్చు, ధర లేజరులో దాదాపు సగం. ఎల్‌ఈడీ అయినా లేజరయినా ఏళ్ళ తరబడి వెలుగుతుంది, లాంపు మార్చే పని లేదు. నేను పెట్టిన కాసేపటికే కరెంటు పోయి వచ్చింది. పాతదయితే చల్లారి మళ్ళీ వెలగడానికి సగం పీరియడు మింగేసేది, ఇది వెంటనే వెలిగింది. గోడ మీద గుండె బొమ్మ ఎర్రగా, ముచ్చటగా పడింది. పిల్లలు ఓ అన్నారు, నేను లోలోపల మురిసిపోయాను. తెల్లచొక్కా వేసుకుని ప్రభుదాసు మాస్టారు ముందుకొచ్చి నిలబడ్డారు, కాంతి తిన్నగా ఆయన ముఖం మీద పడుతోంది. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, "సార్, గుండెలో ఎడం పక్క గోడ ఎందుకు సార్ మందంగా ఉంది?" అని అడిగింది. మాస్టారు పలకలేదు. మళ్ళీ అడిగింది. ఆయన కళ్ళు చికిలించి చీకట్లోకి చూసి, తర్వాతి బొమ్మకి వెళ్ళిపోయి, కాసేపటికి "మీరే చూసుకోండి" అని బయటికి నడిచారు. వదిన నా పక్కకొచ్చి, "చూశావుగా, ఎప్పుడూ ఇదే వరస" అంది.

మధ్యాహ్నం వదిన తెచ్చిన మామిడికాయ పప్పుతో అందరం వరండాలో భోజనం చేశాం. చేతులు కడుక్కునే దగ్గర మాస్టారి వెనక నిలబడి, మాస్టారూ, రసం పండు ఇవ్వనా అన్నాను. ఆయన పలకలేదు. ఇంకోసారి అన్నాను. నీళ్ళు చిలకరించుకుని ఇటు తిరిగి, నన్ను చూసి, "ఏమన్నారమ్మా?" అని నవ్వారు. నాకప్పుడు అర్థమైంది. నాలుక ఊరుకోక అడిగేశాను: "మాస్టారూ, మీకు సరిగ్గా వినపడటం లేదు కదూ?"

ఆయన నా చేతిలోని పండు అందుకుని పిసకసాగారు. "రెండేళ్ళయిందమ్మా తగ్గి. మొహం కనపడితే చాలు, పెదాలు చూసి అర్థం చేసుకుంటా. ఇన్నేళ్ళుగా చూస్తున్న పిల్లల మొహాలు కదా, అడగబోయేది ముందే తెలిసిపోద్ది. కర్టెన్లేస్తే మొహాలు పోతాయి. పైగా ఆ లైటు నా కళ్ళల్లో కొడద్ది. చీకట్లో నేను పూర్తి చెవిటోణ్ణే." చెవికి మిషను పెట్టుకోవచ్చు కదా అన్నాను. జేబులోంచి తీసి చూపించారు. "ఉంది. పాత ప్రొజెక్టరు పక్కన నిలబడితే దీంట్లో ఆ ఫ్యాను గోలే తప్ప ఇంకేం వినపడదు." మరి వదినకి చెప్పలేదేం అంటే, "చెప్తే పదో తరగతి తీసేస్తారేమోనని" అన్నారు. ఆ తరగతి ఎక్కడ పోతుందోనని ఆయన నోరు మూసుకున్నారు, ఆయన నోరు విప్పకపోవడం వల్లే అది పోబోతోంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మధ్యాహ్నం లేజరు పెట్టె విప్పాను. ఇది గోడకి దగ్గర్లోనే బల్ల మీద కూర్చుని పైకి బొమ్మ వేసే రకం, అందుకని ముందు నిలబడ్డ మనిషి కళ్ళల్లో కాంతి పడదు. వెలుగు ఎక్కువ కాబట్టి గది చీకటి చెయ్యక్కర్లేదు. కర్టెన్లన్నీ పక్కకి లాగి కట్టేశాను. ఇబ్బందులు లేకపోలేదు. గోడ ఎగుడుదిగుడు కావడంతో గీతలు వంకర్లు పోయాయి, కోటయ్యగారి షెడ్డు నుంచి తెల్లరంగు వేసిన ప్లైవుడ్ పలక తెప్పించి నిలబెడితే సర్దుకుంది. రంగులు పొద్దున్నంత చిక్కగా లేవు, కానీ చివరి బెంచీకి కూడా అక్షరాలు చక్కగా కనపడ్డాయి. ఫ్యాను చప్పుడు తగ్గేలా పెట్టాను. చెవి మిషను పెట్టుకోమని మాస్టారికి సైగ చేశాను. అదే అమ్మాయి లేచి అదే ప్రశ్న అడిగింది. ఆయన తెరకేసి చూడలేదు, ఆ పిల్ల ముఖంలోకే చూస్తూ, "కుడిపక్క గది రక్తాన్ని పక్కనున్న ఊపిరితిత్తులకే పంపాలి. ఎడంపక్కది అరికాలి దాకా తొయ్యాలి. బలం ఎవరికి ఎక్కువ కావాలమ్మా?" అన్నారు. ఇంకో చెయ్యి లేచింది, ఆ వెనక ఇంకోటి. బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు.

వదిన గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. పిల్లలు వెళ్ళాక మాస్టారే ఆమె దగ్గరికి వెళ్ళి అంతా చెప్పారు. "మీ చేతి కింద చదివినదాన్ని, నాక్కూడా చెప్పకూడదా మాస్టారూ? నేనేం చెయ్యబోయానో మీకు తెలుసా?" అని కోప్పడుతూనే ఏడ్చేసింది వదిన. "ఏడవకు కరుణా, నీ పెదాలు సరిగ్గా కనపడటల్లేదు" అన్నారాయన. ముగ్గురం నవ్వేశాం.

మిగిలింది కోటయ్యగారు. ఆయన కట్టేసిన కర్టెన్లకేసి చూస్తూ, "అయితే ఇవి దండగేనా?" అన్నారు చిన్నబోయి. లేజరుని మాటిమాటికీ షెడ్డుకి మోసుకుపోయి, పలకతో సహా మళ్ళీ సర్దడమూ కుదరదని నేను చెప్పక తప్పలేదు. మాస్టారే అందుకున్నారు. "దండగేంటండీ కోటయ్యగారూ, కాంతి పాఠంలో పట్టకం పెట్టి రంగులు చూపించాలంటే నాకు అర్ధరాత్రే కావాలి. ఆ రోజు ప్రశ్నలు మాత్రం కర్టెన్లు తీశాకే." కోటయ్యగారి ముఖం విప్పారింది. ధర ఎక్కువైనా లేజరే ఖాయం చేసి, మీటింగు సంగతీ ఆయనే తేల్చేశారు: "మేమే ఇక్కడికొచ్చి బెంచీల మీద కూచుంటాంలే. మాస్టారూ, పురుగుల పాఠం మాకూ మీరే చెప్పాలి."

ఇదంతా రాయమన్నది మాస్టారే. "నాలాగే నోరు మూసుకున్న వాళ్ళు ఇంకెందరున్నారో" అన్నారు. సాయంత్రం బస్సులో రసాల వాసన మధ్య కూర్చుని ఆలోచించాను. పొద్దున ఎంత కాంతి, ఎంత ధర, ఎన్నేళ్ళ మన్నిక అని లెక్కలన్నీ వేసుకుని బయల్దేరాను. ఆ గదిలో రోజూ నిలబడే మనిషి సంగతి ఒక్కటీ అడగలేదు. పదో తరగతి సైన్సు ఈ ఏడూ ప్రభుదాసు మాస్టారిదే. మీరు బడికి ప్రొజెక్టరు కొనబోతుంటే ఒక్క పని చెయ్యండి. షాపులో కాకుండా మీ తరగతి గదిలోనే, పిల్లలంతా కూర్చుని ఉండగా వెలిగించి చూడండి. తెర ఎలా ఉందని చివరి బెంచీని అడిగాక, మీ ముఖాలు కనపడుతున్నాయా అని మాస్టారిని కూడా అడగండి.