చల్లటి కుళాయి ఏది?

నా చిన్నప్పుడు దోహాలో ఎండాకాలం వస్తే మా ఇంట్లో కుళాయిల పేర్లు తారుమారయ్యేవి. మేడ మీది ట్యాంకు ఎండకి కాగిపోయి, నీలం గుర్తున్న కుళాయిలోంచి వేడినీళ్ళు వచ్చేవి. అమ్మ గీజరు ఆపేసేది. అందులో నిలిచిన నీళ్ళు నీడపట్టున చల్లబడేవి. అలా మే నెల దాటితే ఎర్ర గుర్తున్నదే మాకు చల్లటి కుళాయి. అక్కడ మాలాంటి కాపురాలన్నిటికీ ఇది అలవాటే కాబట్టి ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పరు.

ప్రపంచకప్ కోసం ఊరంతా తవ్వుతున్న రోజుల్లో, ఒక ఎండాకాలం మేము అల్ అజీజియాలో ఒక విల్లాలో సగం వాటాకి మారాం. ఏ కిటికీ తెరిచినా క్రేన్లే. యజమాని మేడ మీద సోలార్ వాటర్ హీటర్ పెట్టించాడు. బిగించడానికి వచ్చినాయన జగిత్యాల వైపు మనిషి. తెలుగు వినగానే అమ్మ మజ్జిగ ఇచ్చి, "కూర్చో తమ్ముడూ" అంది. నేను తలుపు చాటునుంచి మనసులోనే మామయ్య అనుకున్నాను. ఆయన పాత గీజరుని గోడకే ఉంచి, పైనుంచి వచ్చే సోలార్ పైపుని దానికే కలిపాడు.

వెళ్తూ వెళ్తూ చెప్పాడు. "అక్కా, సోలార్ నీళ్ళు మస్తు కాల్తయి. బాబుకు సల్లటి నల్లాతోనే తానం చేపియ్యుండ్రి."

"అలాగే తమ్ముడూ, ఎప్పుడూ దాంతోనే పోస్తాను" అంది అమ్మ.

ఆ సాయంత్రం మా చంటి తమ్ముణ్ణి చాచిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఎప్పటిలాగే ముందు తన అరచేయి అడ్డుపెట్టి, ఎర్ర కుళాయి తిప్పింది. మొదట గోరువెచ్చగా వచ్చాయి. చెంబు అందుకునేలోపు ధార మారిపోయింది. అమ్మ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వాడి మీద చుక్క పడలేదు. అమ్మ చేయి మాత్రం బొబ్బలెక్కింది.

డ్యూటీ నుంచి వచ్చిన నాన్న ఆ చేయి చూసి ఊగిపోయాడు. "పసివాడున్న ఇల్లని తెలిసి కూడా చెప్పకుండా పోతాడా? వాడి సూపర్‌వైజర్‌తో మాట్లాడతాను. టికెట్ కొట్టి ఇంటికి పంపించేస్తారు." స్నానాలగది గుమ్మంలోనే నిలబడి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

అమ్మ చేయి బకెట్లో ముంచుకుని ఉంది. నెమ్మదిగా అంది. "కాసేపుండి మాట్లాడుదురు గాని, ముందు ఆ చల్లటి కుళాయి తిప్పండి, నీళ్ళు మార్చాలి."

ఫోన్ చెవినుంచి తీయకుండానే నాన్న చేయి ఎర్ర కుళాయి మీదకి వెళ్ళింది.

"తిప్పకండి!" అని అమ్మ అరిచింది. "ఆ అబ్బాయి చెప్పాడండీ. నేను విన్నదే వేరు."

నాన్న తన చేతికేసి చూసుకున్నాడు. అవతలి గొంతు "హలో, హలో" అంటూనే ఉంది. ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు నాన్నే ఆయన్ని పిలిపించాడు. అమ్మ చేతికి కట్టిన కట్టు చూసి ఆయన గుమ్మం దగ్గరే చతికిలబడ్డాడు. "మా లేబర్ క్యాంప్ల గీజర్ ఏడిదక్కా? ఒక్కటే నల్లా. రాత్రి బకెట్ల వట్టి పెట్టుకుంటం. ఎర్రదాన్ని సల్లటిదంటరని నాకెట్ల ఎరుక?" ఆ రోజు మజ్జిగ ముట్టలేదు. వెళ్ళేముందు నన్ను దగ్గరికి పిలిచి, "సల్లటి నల్లా ఏదో సూపెట్టు బిడ్డా" అన్నాడు. నీలం కుళాయి వైపు వేలు చూపించాను. ఆ తర్వాత వేరే ఇళ్ళలోనూ ఆయన అలాగే, వాళ్ళ చేత చూపించుకున్నాకే కదిలేవాడని నాన్న చెప్పేవాడు.

అమ్మ కుడి అరచేయి ఒకచోట ఇప్పటికీ నున్నగా మెరుస్తుంది. చెంబు ఒక్క క్షణం ముందు అంది, అమ్మ అరచేయి అడ్డు తీసేసి ఉంటే అన్న ఆలోచన దాటి నేనింకా ముందుకు పోలేను. నేను చెప్పినదానికి ఎవరైనా వెంటనే "అలాగే" అంటే నాకు భయమేస్తుంది. నాకున్న బిడియాన్ని పక్కకి నెట్టి, ఆ ఒక్కసారి మాత్రం అడుగుతాను, "ఏది అనుకున్నారో చూపించండి" అని.