నిమ్మ మొక్కలకు నేను కాసిన కాపలా

ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చేసిన వాణ్ణి కాబట్టి, నాకు తెలియనిదేదీ ఉండదని ఆ రోజుల్లో నా నమ్మకం. పందొమ్మిది వందల యాభైల మొదట్లో, ఆత్మకూరుకు పడమరగా ఉన్న మా ఊళ్లో, పెరటి బావి పక్కన పన్నెండు నిమ్మ మొక్కలు నాటాను. కలువాయి నుంచి బండి మీద తెచ్చినవి. ఆ చోట వంగతోట వేయాలని మా నాయన ఆశ.

"వానలు వెనకబట్టేలోగా ఇవి నిలిస్తే నీవి. లేదంటే పీకేసి వంగనారు నాటతా" అన్నాడు.

"నేనుండా గదా నాయనా, మొక్కలకేంది భయం?"

"నువ్వుండావనేరా నా భయం."

వానలు పడి, మొక్కలు నడుమెత్తు పొదలయ్యాయి. లేత చిగుళ్లు చూసుకుని నేను మీసం దువ్వుకుంటున్న వేళ, ఆకుల మీద నల్లగా, మధ్యలో తెల్లగా మచ్చలు కనిపించాయి. అచ్చం పిట్ట రెట్టలు. ఇక నా కోపమంతా పిట్టల మీదికి మళ్లింది. నాయన పాత చొక్కా తొడిగి గడ్డిబొమ్మను నిలబెట్టాను. ఖాళీ కిరసనాయిలు డబ్బాకు తాడు కట్టి, అరుగు మీద కూర్చుని లాగుతూ రోజంతా మోత మోగించాను. మూడు రోజుల్లో పెరట్లో ఒక్క పిట్ట వాలితే ఒట్టు. రెట్టలు మాత్రం రోజురోజుకీ ఎక్కువయ్యాయి. పిట్ట లేకుండా రెట్ట ఎట్లా పడుతుందన్న ప్రశ్న నా బుర్రకు తట్టనే లేదు.

వారం తిరిగేసరికి పొదల్లో సగానికి పైగా కొమ్మలు ఈనెపుల్లల్లా మిగిలాయి. నాయన ఒకసారి చూసి, "రేపు పొద్దున పార తెస్తా" అని మాత్రం అన్నాడు.

మధ్యాహ్నం మా అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి, మొక్క మీదికి వంగి చూసింది.

"నీ రెట్టకు కాళ్లుండాయిరా."

కర్రతో ఒక ఆకుపచ్చ పురుగును తాకింది. దాని తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటికొచ్చాయి. కుళ్లిన నిమ్మతొక్క వాసన గుప్పుమంది. నేను రెండు గజాలు వెనక్కి దూకాను.

"పసిదిగా ఉంటే రెట్టమాదిరి, పెద్దదైతే ఆకుమాదిరి ఉంటాది. పిట్టల్ని ఏమార్చేదానికి ఆ వేషం. పిట్టలు ఏమారలేదు, నువ్వు ఏమారినావు. పురుగుల్ని తినే పిట్టల్ని తరిమి, పురుగులకు కాపలా కాసినావు."

గడ్డిబొమ్మను అక్కడికక్కడే పడదోశాను. ఇక వేట మొదలైంది. పురుగుల్ని పడేసేందుకు బూడిదనీళ్ల కుండ పక్కన పెట్టుకుని, చేతికి గోనెపట్టా చుట్టుకుని ఆకు ఆకూ తిప్పాను. రెండే దొరికాయి. అవ్వ నవ్వింది.

"పైన చూడబాకరా, కింద చూడు."

మొక్క మొదట్లో నేలమీద ఆవగింజల్లాంటి నల్లటి ఉండలున్నాయి. అవి ఆ పురుగుల పెంట. అవి రాలినచోటికి నిట్టనిలువుగా తలెత్తితే, ఆకురంగులో కలిసిపోయి దొర పడుకున్నట్టు పురుగు పడుకుని ఉంది. కిటుకు చేతికి దొరికాక నన్ను ఆపేవాళ్లు లేరు. "ఇరవై... ఇరవైఒకటి" అని అరుస్తూ పొదపొదకూ పరుగెత్తాను. మోచేతుల నిండా ముళ్ల గీరలు, ఒళ్లంతా ఆ కంపు, అయినా అంత హుషారు నాకు ఏ తిరునాళ్లలోనూ రాలేదు. ఆకుల అడుగున గసగసాల్లా అంటుకున్న గుడ్లను కూడా వేలితో తుడిచేశాను. పొద్దు గుంకేసరికి పన్నెండు మొక్కల్లోనూ వెతికితే ఇంకొక్క పురుగూ దొరకలేదు.

తెల్లవారగానే నాయన పార భుజాన వేసుకుని వచ్చాడు. నేను అడ్డంగా నిలబడ్డాను. నన్ను పక్కకు జరిపి, మోడులా ఉన్న కొమ్మను గోటితో గీకాడు. బెరడు కింద పచ్చగా, ప్రాణంతో ఉంది. రెండో మొక్కా గీకాడు, మూడోదీ గీకాడు. పార దించి, మొదటి మొక్క చుట్టూ మట్టి లాగి పాదు కట్టడం మొదలుపెట్టాడు.

"ఊరికే నిలబడినావేందిరా? పోయి నీళ్లు తోడు."