ఇంటిపేరు అడిగిన పిల్ల

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింటి నాగమల్లేశ్వరి గారు జీతం తీసుకునేదే అనుమానపడటానికి. కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. అందరూ బాగుందన్న బ్రేకులో కూడా పగులు వెతకడం ఆవిడ పని. ఇంటికొచ్చాక మనుషుల్లో వెతుకుతారు.

మనవాళ్ళ పార్టీల్లో ఎవరైనా "మీ ఇంటిపేరేంటండీ?" అంటే చాలు, ప్లేటు పట్టుకుని లేచిపోతారు. ఇంటిపేరు అడిగి కులం తవ్వుతారని ఆవిడ అనుమానం. నిజమే, తవ్వుతారు. నాకూ ఒళ్ళు మండుతుంది. తనది ఒరిస్సా సరిహద్దు కొండల్లోని గిరిజన గూడెమని ఇక్కడ నాకొక్కదానికే చెప్పారు.

మొన్న శనివారం నేను అక్కడ ఉండగానే దేదీప్య అనే స్టూడెంట్ వచ్చింది. యూనివర్సిటీలో భాషల మీద మాస్టర్స్ చేస్తోందట. ఆ కొండల్లో ఒక చిన్న భాష ఉండేదట. మాట్లాడే చివరి ముసలాయన కూడా పోయాడని, ఆ భాష చచ్చిపోయిందని ప్రొఫెసర్ రాసెయ్యబోతున్నాడట. ఆ భాష వచ్చినవాళ్ళు ఒక్కరు దొరికినా ఆ రాత ఆపిస్తానంది. గూడెంలో ఎవరో ఈవిడ సంగతి చెప్పారట.

అంత పనిమీద వచ్చిన పిల్ల ముందుగా ఏమడిగిందో తెలుసా?

"ఆంటీ, మీ అమ్మగారి ఇంటిపేరేంటి?"

నాగమల్లేశ్వరి గారు టీ కప్పు టక్కున కింద పెట్టేశారు. "ఎందుకమ్మా? ఎవరు పంపారు నిన్ను? తెలుగు అసోసియేషన్ వాళ్ళా?"

"అయ్యో, కాదాంటీ, ప్రామిస్! రీసెర్చ్ కోసమే, ఏ ఇంటివాళ్ళు ఆ భాష మాట్లాడేవాళ్ళో తెలుసుకుందామని. మీకు ఆ లాంగ్వేజ్ వచ్చా?"

"నాకు తెలుగు తప్ప ఏదీ రాదు."

ఆ పిల్ల ముఖం వాడిపోయింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. పెరట్లో బీరపాదుతో ఈవిడ నాకర్థంకాని మాటలేవో గొణుక్కోవడం ఎన్నోసార్లు విన్నాను.

"పోనీ, ఆ భాష పేరైనా విన్నారా? పాతకాలంలో ఒక తెల్లదొర మీ గూడేనికొచ్చి, మీ భాష పేరేంటని అడిగి రాసుకెళ్ళాడు. బుక్స్‌లో అంతటా 'దాల్‌మె' అనే ఉంది."

నాగమల్లేశ్వరి గారు పకపకా నవ్వారు. ఇన్నేళ్ళలో ఆవిడ అలా నవ్వగా నేను చూడలేదు.

"అది పేరు కాదే పిల్లా! మావాళ్ళు 'నీకెందుకు' అన్నారు వాడితో!"

అనేశాక నవ్వు ఆగిపోయింది. దొరికిపోయానని ఆవిడకి తెలిసిపోయింది.

"మరి అసలు పేరేంటి ఆంటీ?" అంది దేదీప్య మెల్లగా.

ఆవిడ కళ్ళు చిన్నవి చేసి, ఆ పిల్లని పైనుంచి కిందికి చూశారు.

"దాల్‌మె," అన్నారు.

"సరే ఆంటీ, అడగను," అంటూ దేదీప్య నవ్వేసింది.

నాగమల్లేశ్వరి గారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. వాళ్ళమ్మ పోయాక, ఆ భాషలో తనన్న మాట ఇంకొకరికి అర్థం కావడం అదే మొదలు.

"కూర్చో," అన్నారు. "ఇంటిపేరు తప్ప ఏదైనా అడుగు."