తలుపులకు అడ్డం

టెన్నెసీ కొండల్లో స్కూలు బస్సు నడిపే వెల్డా బొటనవేలి గీతల్లో మసి ఏ సబ్బుకూ వదలదు. బస్సు దిగి ఇంటికి రాగానే గరాజులో కిరసనాయిలు దీపం వెలిగిస్తుంది. చెకుముకి రాయితో పేలే పాతకాలపు పిస్తోలును సొంతచేతులతో చెయ్యాలని రెండేళ్ళుగా ఆమె పంతం. రాతిని కొట్టే ఇనుప మరను దీపం పొగకు పట్టి, చెక్క పిడిలో తొలిచిన గుంటలో అదిమి తీస్తుంది. మసి అంటినచోటల్లా చెక్క ఇంకా ఎత్తుగా ఉన్నట్టే. అక్కడ ఊపిరి బిగబట్టి, ఉల్లిపొర మందాన ఉలితో గీకుతుంది. మళ్ళీ మసి, మళ్ళీ గీకుడు.

నిన్న సాయంత్రం ఉలి ఒక్క గీకు ఎక్కువ గీకింది. మరకూ చెక్కకూ మధ్య వెంట్రుకవాసి సందు పడింది. పక్కింటి ముసలాయన ఓటిస్, ఒకప్పటి తుపాకుల మేస్త్రి, వంగి చూశాడు.

“జిగురులో రంపపు పొట్టు కలిపి పూడ్చెయ్యమ్మా. ఎవడికి కనబడుతుంది?”

“కనబడదులే బాబాయ్. నా వేలికి తగుల్తుందిగా!”

ఆ పిడిని తీసుకెళ్ళి గరాజు తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టింది. మొగుడు ఎర్ల్ నవ్వాపుకోలేకపోయాడు.

“వంటింటికొకటి, పడకగదికొకటి, స్నానాలగదికొకటి, ఇప్పుడు దీనికి! ఇంక ఇంట్లో తలుపుల్లేవే!”

వెల్డా కొత్త చెక్క అందుకుని దీపం వత్తి పెంచింది.

“అయితే ఇది కుదిరి తీరాల్సిందే.”