పాస్టరుగారిని తూచిన మనిషి

కాటాల బాబాయి ఏదీ కంటితో చూసి నమ్మే మనిషి కాదు. తూచి నమ్మేవాడు. బజారు వెనక సందులో, మందుల షాపుకీ తాళాలు బాగుచేసే కొట్టుకీ మధ్య, పక్కకి తిరిగితే తప్ప లోపలికి దూరలేనంత ఇరుకు గదిలో ముప్పై ఏళ్ళుగా కాటాలు బాగుచేస్తున్నాడు. ఏ షాపులో ఏ కాటా ఎన్ని గ్రాములు అబద్ధమాడుతుందో ఆయనకి తెలుసు. ఎవరికీ చెప్పడు. కానీ ఆ షాపుల్లో కొనడు. అందువల్ల ఆయన భార్య, అంటే మా అందరికీ పిన్ని, సరుకుల కోసం ఊరు ఆ చివరిదాకా నడిచేది.

"మీ నిజాయితీకి నా మోకాళ్ళు అరిగిపోతున్నాయి" అనేది.

కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రి కాటా నలభై గ్రాములు ఎక్కువ చూపిస్తోందని పట్టుబట్టి, దాన్ని అక్కడే విప్పి సరిచేసి, పిల్లని రెండోసారి తూయించాకే కాగితం మీద బరువు రాయనిచ్చాడట. నర్సమ్మ ఈ సంగతి ఇప్పటికీ చెబుతుంది. ఆవిడ అప్పుడు ఆ వార్డులోనే ఉండేది, ఇప్పుడు మా సంఘం కమిటీలో ఉంది.

అలాంటి మనిషి చేతికి మేము మా పాస్టరుగారిని అప్పజెప్పి, తూచి చెప్పమన్నాం.

తప్పు మాదే. అంతకు ముందున్న పాస్టరుగారు పోస్టాఫీసులో చేసి రిటైరై వచ్చినవారు. ఆయనకి పెన్షన్ వచ్చేది. ఇరవై రెండేళ్ళు మా దగ్గర పైసా ముట్టుకోలేదు. దాంతో పాస్టరుగారంటే గాలి, ఎండలాగా ఊరికే వచ్చేవారని మాకు అలవాటైపోయింది. ఆయన పోయాక వచ్చిన కొత్తాయనకి పెన్షన్ లేదు. భార్య ఉంది, ముగ్గురు పిల్లలున్నారు, రెండు గదుల అద్దె ఇల్లుంది. నాలుగు నెలలు ఆగి, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు అడిగారు. "మరి నా సంగతి ఏమైనా ఆలోచించారాండీ?"

ఆలోచించడానికి కమిటీ కూర్చుంది. నేను కిటికీ పక్కన కూర్చుని మినిట్స్ రాశాను.

ముందు ఫర్నిచర్ షాపాయన లేచాడు. మా గుడిలో బెంచీలన్నీ ఆయన ఇచ్చినవే. అందుకని ఆయన లేస్తే అందరం కూర్చున్నచోటే కాస్త సర్దుకుంటాం. "సేవకి జీతమేంటండీ? జీతం పుచ్చుకుంటే అది ఉద్యోగం. ఉద్యోగస్తులందరికీ ఆదివారం సెలవు. రేపు ఈయన కూడా ఆదివారం సెలవు కావాలంటే ఏం చేస్తాం?"

కార్యదర్శిగా ఉన్న రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టకూడదని బైబిలు వాక్యమే చెబుతోంది కదండీ."

"అంటే మన అయ్యగారు ఎద్దా?"

"నేనలా అనలేదు."

"మరి కళ్ళం ఎవరు? మనమా? ఆయన తొక్కేది మనల్నా?"

ఇది నలభై నిమిషాలు సాగింది. చివరికి నేను రాసిన మాట ఇది: 'పాస్టరుగారు ఎద్దు కారని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.' హెడ్‌మాస్టరుగారు చదివి సంతకం పెట్టారు.

ఎద్దు సంగతి తేలాక ఫర్నిచర్ షాపాయన కొంచెం దిగివచ్చాడు. "సరే, ఇద్దాం. కానీ చేసిన పనికే ఇద్దాం. ఆదివారం గంటన్నర. అందులో అరగంట పాటలు. అవి మనమే పాడతాం. మిగిలింది గంట. వారానికి గంట పనికి ఎంతివ్వాలో చెప్పండి."

"మిగతా రోజుల్లో ఏం చేస్తున్నారో మీకేం తెలుసు?" అంది నర్సమ్మ.

"మీకు తెలుసా?"

ఎవరికీ తెలియదు. అందరి తలలూ ఒక్కసారిగా వెనక బెంచీలో ఉన్న కాటాల బాబాయి వైపు తిరిగాయి.

బాబాయి కొట్టుకి వారం రోజులు తాళం వేశాడు. హెడ్‌మాస్టరుగారి పాత బడి నుంచి, పరుగుపందేలకు వాడే స్టాప్‌వాచ్ తెప్పించుకున్నాడు. కొత్త నోటుపుస్తకంలో మూడు గడులు గీశాడు. పని, పని కాదు, సందేహం. సోమవారం పొద్దున్నే పాస్టరుగారి తలుపు కొట్టి, వచ్చిన పని చెప్పాడు.

పాస్టరుగారు ఏమాత్రం నొచ్చుకోలేదు. "మంచిదేనండీ. నేనేం చేస్తున్నానో నాక్కూడా తెలుసుకోవాలనే ఉంది."

ముందుగదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కర్టెను. కర్టెను వెనకే మిగతా సంసారమంతా. బాబాయి బల్ల చివర కూర్చుని వాచ్ నొక్కాడు. పాస్టరుగారు మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. మొదటి చిక్కు అక్కడే వచ్చింది. కళ్ళు మూసుకున్న మనిషి ప్రార్థన చేస్తున్నాడో కునుకు తీస్తున్నాడో బయటినుంచి తేల్చడమెలా? నలభై నిమిషాలయ్యాక ఆయన కళ్ళు తెరిచేదాకా ఆగి, సూటిగానే అడిగేశాడు.

పాస్టరుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మొదటి ముప్పావు వంతు ప్రార్థనేనండీ. తర్వాత నిద్రపట్టినట్టుంది. కానీ నిద్రలో కూడా మీ ఆవిడ మోకాళ్ళ గురించే అడుగుతున్నట్టు కలొచ్చింది."

బాబాయి ముప్పై నిమిషాలు 'పని'లో వేశాడు. పది నిమిషాలు 'సందేహం'లో వేశాడు.

ఆ తర్వాత మనుషులు రావడం మొదలైంది. ఒక ముసలావిడ అల్లుడి గురించి చెప్పడానికి వచ్చింది. గంటా పదిహేను నిమిషాలు చెప్పింది. పాస్టరుగారు ఒక్క సలహా ఇవ్వలేదు. "ఊఁ" అన్నారు, అంతే. బాబాయి లెక్కపెట్టాడు. రెండువందల పద్నాలుగు ఊఁలు. వాటిని గంటల కింద రాయాలో, కుట్టుపనివాళ్ళకి రాసినట్టు ఒక్కోదానికి ఇంత అని రాయాలో తేల్చుకోలేకపోయాడు. ముసలావిడ మాత్రం లేచి, "అయ్యగారు ఎంత బాగా చెప్పారో" అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు ఒక మొగుడూ పెళ్ళాం గొడవపడుతూ వచ్చారు. గుమ్మంలోనే మొగుడి చూపు వాచ్ మీద పడింది. "ఇదేంటి బాబాయ్? మీటరు తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మనం ఇంటి దగ్గరే మాట్లాడుకుందాంలెండి" అంది పెళ్ళాం. రెండు నిమిషాల పది సెకన్లలో రాజీ అయిపోయింది. సంఘం చరిత్రలో అంత తొందరగా సర్దుకున్న కాపురం ఇంకోటి లేదు.

ఈ వార్త పాకిపోయింది. పాస్టరుగారి కోసం వచ్చేవాళ్ళు ముందు బాబాయి చెవిలో ఏదో ఊదేవారు. "మా ఇంటికి వస్తే లెక్కలోకి రాయకు బాబాయ్. ఆ బరువు మళ్ళీ మా నెత్తినే పడుతుంది." ఒకాయన తన తండ్రి సమాధి కార్యక్రమాన్ని 'పని కాదు'లో వేయమని బతిమాలాడు. బాబాయి ఒప్పుకోలేదు. సమాధుల దొడ్డికి నడిచి వెళ్ళడం పని. తిరిగి రావడం మాత్రం సందేహం, ఎందుకంటే దారిలో పాస్టరుగారు ఆ కుటుంబంలోని చిన్నపిల్లల్ని నవ్వించారు.

గురువారం సాయంత్రం ఫర్నిచర్ షాపాయనే స్వయంగా వచ్చాడు. సేవకులకి జీతం ఎందుకు ఉండకూడదో పాస్టరుగారికి నచ్చజెప్పాలని వచ్చాడు. కూర్చుని మొదలుపెట్టాడు. సేవ దగ్గర మొదలై షాపు అద్దె మీదికి, అక్కడినుంచి వ్యాపారంలో తమ్ముడు చేసిన మోసం మీదికి, దానిమీంచి తనని ఎవరూ ప్రేమగా చూడరనే దాకా పోయింది. మధ్యలో రెండుసార్లు టీ తాగాడు. మూడు గంటలయ్యాక లేచి, ఎందుకో చాలా తేలిగ్గా ఉందన్నాడు. బాబాయి వాచ్ ఆపి రాసుకుంటున్నాడు.

"ఏంటది రాస్తున్నావ్?"

"పని. మూడు గంటలు. ఆరు దాటింది కాబట్టి చివరి గంట ఓవర్‌టైము."

"జీతం వద్దని చెప్పడానికి నేనొస్తే అది జీతం కిందకొస్తుందా?"

"మీరు చెప్పింది ఏదైనా కానీండి. విన్నది ఆయన."

ఫర్నిచర్ షాపాయన నోరు తెరిచి, ఇంకో నిమిషం మాట్లాడితే అది కూడా లెక్కలోకి పోతుందని గుర్తొచ్చి, నోరు మూసుకుని వెళ్ళిపోయాడు.

శనివారం మధ్యాహ్నం ఎవరికో నెప్పులొస్తున్నాయని కబురొస్తే పాస్టరుగారూ పాస్టరమ్మగారూ ఇద్దరూ ఆస్పత్రికి పరిగెత్తారు. ఆటోలో మూడో మనిషికి చోటు లేక బాబాయి బల్ల దగ్గరే ఉండిపోయాడు. అప్పుడొచ్చాడు బస్ కండక్టరు. ఉద్యోగం అయిపోయి ఏడాదైంది.

"అయ్యగారు లేరు" అన్నాడు బాబాయి.

"పర్లేదు. మీరున్నారుగా" అని కూర్చున్నాడు కండక్టరు. పొద్దున లేస్తూనే ఇంట్లో స్టాపుల పేర్లు అరుస్తున్నాడట. భార్య వంటగదిలోంచి వస్తుంటే "ముందుకి జరగండమ్మా" అంటున్నాడట. కోడలు నవ్వుతుందట. కొడుకు డాక్టరుకి చూపిద్దామంటున్నాడట. "నా బస్సు వెళ్ళిపోయింది బాబాయ్. నేను స్టాపులోనే ఉండిపోయాను."

ఐదు రోజులుగా విని విని నోటికి వచ్చేసిన మాటే అన్నాడు బాబాయి. "ఊఁ."

అది పనిచేసింది. కండక్టరు ఇంకో అరగంట చెప్పాడు. ఆ తర్వాత, "ప్రార్థన చెయ్యండి" అని తల వంచాడు.

కాటాల బాబాయి జీవితంలో పైకి ప్రార్థన చేసినవాడు కాదు. చివరికి కళ్ళు మూసుకుని, తనకి తెలిసిన ఒకే ఒక్క సంగతి అడిగాడు. "ప్రభువా, ఈయన ముల్లు ఒకపక్కకి లాగేసింది. నడిమికి వచ్చేట్టు చూడు. ఆమెన్."

కండక్టరు ఆయన చేతులు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. వాచ్ నొక్కడం బాబాయి మరిచిపోయాడు. ఇంటికెళ్ళి పిన్నితో చెబితే, "మరి మీకెవరిస్తారు జీతం?" అంది.

సోమవారం కమిటీ మళ్ళీ కూర్చుంది. బాబాయి లెక్క చదివాడు. వారంలో మొత్తం నూట అరవై ఎనిమిది గంటలు. రాత్రిళ్ళ లెక్క అమ్మగారు పొద్దున్నే చెప్పినది. పని డెబ్భై ఒకటి. పని కాదు, అంటే తిండీ నిద్రా స్నానమూ, యాభై ఎనిమిది. సందేహం ముప్పై తొమ్మిది.

"గంటకి రేటెంత?" అన్నారు హెడ్‌మాస్టరుగారు. ట్యూషను రేటు వేద్దామన్నారు ఆయనే. పిలిస్తే ఇంటికొచ్చినందుకు ప్లంబరు తీసుకునే రేటు న్యాయమని ఎవరో అన్నారు. రాత్రి పిలుపులకి నర్సుల రేటు. ఓవర్‌టైముకి రెట్టింపు. సందేహానికి సగం. హెడ్‌మాస్టరుగారు కూడి, చెరిపి, మళ్ళీ కూడి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. వచ్చిన అంకె మా కానుకలకి తొమ్మిది రెట్లుంది.

అప్పుడాయనకి ఇంకో ఆలోచన వచ్చింది. అది రాకుండా ఉంటే బాగుండేది. "ఈ లెక్కన, పాత పాస్టరుగారికి మనం ఇరవై రెండేళ్ళ బాకీ."

గదిలో అందరి ప్రాణం తోకకొచ్చింది. పాతాయన వారసులు ఎక్కడున్నారు, ఎంతమంది ఉన్నారు, గుడి అమ్మితే సరిపోతుందా అని గుసగుసలు బయలుదేరాయి. "బెంచీలు మాత్రం నావి" అన్నాడు ఫర్నిచర్ షాపాయన. నేను మినిట్స్ రాయడం ఆపేశాను. రాస్తే సాక్ష్యమవుతుంది.

సరిగ్గా అప్పుడే పాస్టరమ్మగారు టీ ట్రేతో లోపలికి వచ్చింది. నర్సమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "అమ్మగారూ, ఇంటికి నెలకెంత కావాలి?"

ఆవిడ కాగితం తియ్యలేదు, వేళ్ళు మడవలేదు. అద్దె, ఫీజులు, సరుకులు, కరెంటు, మందులు అంటూ ఒక అంకె చెప్పేసింది. చెప్పి, మరీ ఎక్కువ చెప్పానేమోనని, మందుల కోసం చెప్పింది తగ్గించేసింది. ఆ అంకె ఫర్నిచర్ షాపు బోర్డు మీద రాత్రంతా వెలిగే లైట్ల ఖర్చు కంటే తక్కువని అందరికంటే ముందు తెలిసింది షాపు యజమానికే. ఆయన కిటికీ బయటికి చూస్తూ, "మందులు కూడా కలపండి" అన్నాడు. తీర్మానం అయిపోయింది. ప్రతినెలా ఒకటో తారీఖున, అడిగించుకోకుండా.

బాబాయికి మాత్రం ఇంకేదో మిగిలిపోయింది. నోటుపుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాడు. వారమంతా టీలు పెట్టినావిడ, వచ్చినవాళ్ళ చెప్పులు సర్దినావిడ, ఆదివారం బడిలో నలభైమంది పిల్లల్ని సంబాళించినావిడ ఏ గడిలోనూ లేదు. "అమ్మగారూ, మీ గంటలు నేను తూయలేదు" అన్నాడు, దొంగ కాటా పట్టుబడినవాడిలా.

"తూయకండి బాబాయిగారూ" అందావిడ కప్పులు అందిస్తూ. "గుడితోపాటు స్థలం కూడా అమ్మాల్సొస్తుంది."

ఇప్పటికి రెండేళ్ళయింది. ఫర్నిచర్ షాపాయన ఇంకా సేవకులకి జీతం ఉండకూడదనే అంటాడు. ఆ మాట వివరంగా చెప్పడానికి ప్రతి గురువారం పాస్టరుగారి దగ్గరికి వెళతాడు. కాటాల బాబాయి శనివారం మధ్యాహ్నాలు కొట్టు మూసేసి కండక్టరుతో కలిసి బస్సెక్కుతాడు. ఏ పనీ లేదు. చివరి స్టాపుదాకా వెళ్ళి అదే బస్సులో తిరిగివస్తారు. స్టాపుల పేర్లు కండక్టరు మెల్లగా చెబుతుంటే ఈయన వింటాడు. ఆయన ఇంట్లో అరవడం మానేశాడని కోడలు చెప్పింది.

మొన్న పాస్టరుగారి రెండో పిల్లకి ఫీజు పెరిగింది. జీతం పెంచే విషయం కమిటీ ముందుకు వచ్చింది. నాలుగు నిమిషాల్లో ఒప్పుకున్నారు. తర్వాత, ప్రసంగం జరిగేటప్పుడు ఫ్యాను తిరగాలా వద్దా, తిరిగితే ఎన్నో నంబరులో తిరగాలి అనే దానిమీద రెండు గంటలు వాదించుకున్నారు. బాబాయి మూడో నంబరు పక్షం.