మా బావ చెప్పిన నా సాక్ష్యం

ఆ రోజుల్లో మా అనంతగిరి చర్చిలో ఎవరు దూరప్రయాణం పెట్టుకున్నా సంఘమంతా ప్రార్థన చేసి పంపేది. తిరిగొచ్చినవాళ్ళు ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాలి. నా నేపాల్ యాత్ర గురించి మా బావ చెప్పిన సాక్ష్యమే ఇప్పటికీ చెలామణీలో ఉంది. అందుకే నా మాట కూడా రాసిపెట్టాలనిపించింది.

పర్వతారోహణ మీద గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ చదివేశాను (ఉన్నవి తక్కువే, అందుకే ఒక్కొక్కటీ చాలాసార్లు). నా కోరిక ఒక్కటే: మంచు కనుమ మీద నిలబడి అవతలి వైపు చూడాలి, చూసింది వచ్చి చర్చిలో చెప్పాలి. చెప్పాల్సిన మాటలు బయలుదేరకముందే సిద్ధం చేసుకున్నాను. ఒంటరిగా పంపనని అమ్మ పట్టుబడితే అక్క మొగుణ్ణి తోడు తీసుకెళ్ళాను. ఆయనకు కాఫీ తోట పని తప్ప పుస్తకం ముట్టే అలవాటు లేదు. పల్చటి గాలిలో ఎంత నెమ్మదిగా నడవాలో దారి పొడుగునా ఆయనకు పాఠం చెబుతూ, నేను మాత్రం కొండల్లో పుట్టినవాణ్ణి కదా అని మా ఊరి మెట్ట ఎక్కినట్టే ఎక్కేశాను.

ఆఖరి గుడారం దగ్గర తలనొప్పి, వాంతులు, తూలడం మొదలయ్యాయి. అచ్చం పుస్తకంలో రాసిన వరసలోనే వస్తున్నాయని బావకు వివరించాను. ఆయన బంగాళాదుంపల కూర కలుపుకుంటూ, "సదువు నీది, ఎక్కీది నాదీ అయినట్టుందిరా బామ్మర్దీ" అన్నాడు. అలాగే అయింది. తెల్లారి మా వెంటొచ్చిన వంటవాడు నన్ను కంచరగాడిద మీద కట్టి కిందికి దింపాడు. గైడు వెంట బావ పైకెళ్ళాడు.

ఆయన దిగివచ్చాక కనుమ అవతల ఏముందని అడిగాను.

"ఏటుంటాది? మంచు. కళ్ళు తెరవనిస్తే కదా."

నాకు ఏడుపొచ్చింది. జబ్బు ఇంకా తగ్గలేదనుకుని దుప్పటి కప్పాడు.

పైకి వెళ్ళింది ఆయనే కాబట్టి ఊరికొచ్చాక ఆదివారం పాస్టరుగారు ఆయన్నే లేపారు. బావ కనుమ ఊసే ఎత్తలేదు. ఎంతసేపూ నా వాంతులే. "గుంటడికి ఊపిరాగిపోనాది. నాను మోకాళ్ళేసి ప్రార్దన సేసినాను, లేసి కూకున్నాడు. లెగరా, అందరికీ అగుపడు" అన్నాడు. నా ఊపిరి ఆగిందీ లేదు, ఆయన మోకాళ్ళు వేసిందీ లేదు. కానీ అమ్మ కళ్ళొత్తుకుంటోంది. లేచాను. సంఘమంతా స్తోత్రం అంది.

అలా నిలబడ్డ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కనుమ మీది సూర్యోదయమంతా కంఠతా వచ్చు పాపం, అడిగినవాళ్ళే లేరు.

పుస్తకాలిచ్చిన లైబ్రరీ మాస్టారికి, జాగ్రత్తగా దింపిన వంట అన్నకు, నన్ను భరించిన కంచరగాడిదకు, ఉపవాసమున్న అమ్మకు, మొగుణ్ణి తోడిచ్చిన అక్కకు కృతజ్ఞతలు. బావకు కూడా, ఆయనే లేకపోతే నేను నేపాల్ వెళ్ళొచ్చిన సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.