సెల్ఫ్ కొట్టే మనిషి

నాంపల్లి స్టేషన్ వెనక సందులో బాలకిషన్ షెడ్డు ఉంది. బండ్ల కరెంటు పని అతనిది. ఒకప్పుడు ఆ సందు పొడుగునా మెకానిక్ షెడ్లే ఉండేవి. ఇప్పుడు అటుపక్క సెల్‌ఫోన్ కవర్ల దుకాణం, ఇటుపక్క బిర్యానీ పొట్లాలు కట్టే చోటు. కొత్త కార్లు షోరూములకే పోతున్నాయి. పాత బండి ఉన్నవాళ్ళు మాత్రం ఇంకా బాలకిషన్‌నే వెతుక్కుంటూ వస్తారు.

భార్య జమున ఉన్నన్నాళ్ళు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చేది. తెచ్చిన మనిషిని అతను ఊరికే కూర్చోనిచ్చేవాడు కాదు. ఏదో ఒక కారు సీట్లో కూర్చోబెట్టి తాళంచెవి చేతికిచ్చేవాడు. తను బానెట్ కింద తలదూర్చి "కొట్టు" అంటే ఆమె తాళం తిప్పి సెల్ఫ్ కొట్టేది. "ఆపు" అంటే ఆపేది. కారు నడపడం ఆమెకు రాదు. అయినా అతని కేకకూ ఆమె చేతికీ మధ్య క్షణం కూడా తేడా ఉండేది కాదు. పిల్లల్లేరు. ఇంట్లో మాట్లాడుకునే మాటలకంటే ఈ రెండు మాటలే ఎక్కువేమో. పోయినేడు వానాకాలంలో ఆమె జ్వరంతో దవాఖానలో చేరింది, మళ్ళీ ఇంటికి రాలేదు.

అప్పటినుంచి అతను ఒక్కడి చేతుల మీద అయ్యే పనులే ఒప్పుకుంటున్నాడు.

విద్యాసాగర్ ఎర్ర కారును తాడు కట్టి లాక్కొచ్చినప్పుడు కూడా వద్దనే అనబోయాడు. రెండే సీట్ల విలాయతీ స్పోర్ట్స్ కారు అది. నేలకు ఆనుకుని కూర్చున్నట్టుంది. విద్యాసాగర్ అబిడ్స్‌లో ఫోటో స్టూడియో నడిపి, మూసేసి, హిమాయత్‌నగర్‌లో ఇంటిపట్టునే ఉంటున్న పెద్దమనిషి.

"సెల్ఫ్ పోయిందని కొత్తది ఏసిన్రు. అది గూడ పగిలింది" అన్నాడాయన. "తాళం తిప్పంగనే ఇంజన్ ఎన్కకు తన్నినట్టయితది. ఠప్పుమని సప్పుడు. ఇగ తాళం ముట్టాలంటేనే భయమైతున్నది."

"ఎప్పుడు తంతది సార్? పొద్దుగాల చల్లగున్నప్పుడా, నడిచొచ్చినాకనా?"

"ఎక్కువ వేడి మీదనే."

"అట్లయితే తప్పు సెల్ఫ్‌ది కాకపోవచ్చు. జర ఉంచి పోన్రి, చూస్త."

ఎందుకు ఒప్పుకున్నాడో అతనికే తెలియలేదు.

పగిలిన సెల్ఫ్ మోటారు విప్పి చూస్తే దాని ముక్కు దగ్గర పోత ఇనుము చీలి ఉంది. వేరే సెల్ఫ్ బిగించాడు. బ్యాటరీ చూశాడు, బాగుంది. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఎర్తు వైరు గీకి బిగించాడు. తర్వాత ప్లగ్గులకు నిప్పు అందకుండా కాయిల్ వైరు పీకి సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ మెత్తగా, ఒకే తీరున తిరిగింది. తన్ను లేదు, చప్పుడు లేదు.

జబ్బు దొరికింది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే నిప్పు ముందే పడుతోంది. ఆ దెబ్బకు పిస్టన్ వెనక్కి తోసుకొస్తే, ముందుకు తిప్పుతున్న సెల్ఫ్ విరగక ఏమవుతుంది? నిప్పు ఎంత ముందు పడుతోందో తేలాలంటే నిప్పు పడ్డప్పుడల్లా మెరిసే టైమింగ్ లైటు పట్టి చూడాలి. ఒకరు లైటు పట్టాలి, ఒకరు తాళం తిప్పాలి.

బాలకిషన్ లైటు చేతిలో పట్టుకుని సందులోకి చూశాడు. పొట్లాలు కట్టే కొండమ్మను పిలిస్తే వస్తుంది. పిలవడానికి నోరు తెరిచాడు కూడా. కానీ ఆ సీట్లో ఇంకో మనిషిని కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు. లోపలికొచ్చి, పాత హారన్ బటన్‌కు రెండు పొడుగాటి వైర్లు కలిపి సెల్ఫ్‌కు తగిలించాడు. ఇంజన్ దగ్గరే నిలబడి తనే నొక్కుకోవచ్చు. మళ్ళీ తన్నకుండా ప్లగ్గులు విప్పి ఇంజన్‌కు ఆనించాడు. పెట్రోల్ పైపు మూసి, కాయిల్ వైరు పెట్టి, బటన్ నొక్కాడు. అలవాటు కొద్దీ "కొట్టు" అన్నాడు. ఆ మాట ఖాళీ షెడ్డులో అతనికే వినబడింది.

లైటు వెలుగులో ఇంజన్ కప్పీ మీది గుర్తు ఉండాల్సిన చోటికి చాలా ముందు మెరుస్తోంది. ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, అడుగు పళ్ళెం విప్పాడు. ఇంజన్ వేగం పెరిగినప్పుడు మాత్రమే విచ్చుకోవాల్సిన రెండు చిన్న బరువులు, ఎండి రాయైన గ్రీజులో విచ్చుకున్నవి విచ్చుకున్నట్టే బిగుసుకుపోయి ఉన్నాయి. వాటిని వెనక్కి లాగే స్ప్రింగు ఒకటి తెగింది. కిరోసిన్‌తో కడిగాడు, చుక్క చుక్కగా నూనె వేశాడు, సరిపోయే స్ప్రింగు వెతికి వేశాడు. టైమింగ్ సరిచేశాడు. జమున ఉంటే సాయంత్రానికి అయ్యే పని, బటన్ నొక్కుతూ, లైటు దించుతూ, మర్నాటికి అయింది.

ఆదివారం విద్యాసాగర్ వచ్చాడు. వేడి మీద చూస్తేగానీ నమ్మనన్నాడు. ఇద్దరూ ఇంజన్ వేడెక్కేలా చుట్టు తిరిగి కారులో అబిడ్స్ దాకా పోయారు. పేవ్‌మెంట్ మీద పుస్తకాలు పరిచిన చోటికి కొంచెం ఇవతల బండి ఆపి, విద్యాసాగర్ కిందికి దిగాడు.

"నువ్వు కూసో బాలకిషన్. రెండుసార్లు నా చేతులల్లనే పగిలింది. నేను బానెట్ లేపి చూస్త, నువ్వు కొట్టు."

"నేనా సార్?"

"ఔ, నువ్వే."

బాలకిషన్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఎన్ని బండ్లలో కూర్చోలేదు! కానీ ఎదుట బానెట్ లేచి ఉండగా, ఇంకొకరి మాట కోసం కూర్చోవడం ఇదే మొదలు. ముందంతా ఎర్ర రేకు. అవతలి మనిషి ముఖం లేదు. చేతులు లేవు. ఏం జరుగుతోందో తెలియదు. తాళం మీద వేళ్ళు పెట్టి ఒక్క కేక కోసం ఎదురుచూడటమే పని. పక్కన జనం పుస్తకాలు బేరమాడుతున్నారు, బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఆ రణగొణలో అతని చెవి ఒక్క గొంతు కోసం మాత్రమే తెరుచుకుని ఉంది.

ఆమె ఇట్లా కూర్చునేదా? అన్ని మధ్యాహ్నాలూ, తెచ్చిన అన్నం చల్లారిపోతుండగా, భర్త ముఖం కనబడని రేకు వైపు చూస్తూ? తను ఒక్కనాడూ అడగలేదే.

"కొట్టు!" అని వినబడింది.

తిప్పాడు. ఇంజన్ ఒక్క విసురుకు అందుకుంది. "శభాష్!" అంటూ విద్యాసాగర్ బానెట్ దించాడు. అద్దం వెనక బాలకిషన్ కళ్ళు తుడుచుకోవడం ఆయన చూశాడు. పుస్తకాల వైపు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత, "నాంపల్లిల దింపుత, కూసో" అన్నాడు.

"వద్దు సార్. నడిచి పోత."

ఎర్ర కారు బస్సుల మధ్య మలుపు తిరిగేదాకా బాలకిషన్ చూశాడు. ఎండ ముదిరింది. షెడ్డుకు పోయేసరికి కొండమ్మ పొట్లాలు కట్టడం ముగించి గిన్నెలు కడుక్కుంటోంది.

"తిన్నవా అన్నా?" అంది.

లేదన్నాడు. ఆమె మిగిలిన అన్నం పొట్లం కట్టి ఇచ్చింది. షట్టర్ సగం లేపి, లోపల ఒక్కడే కూర్చుని, చల్లారిన ఆ అన్నం మెల్లగా తిన్నాడు.